మామగారి లాంతరు ఏం తాగుతుంది?

లైబ్రరీ బైండింగ్ గది,
మంగళవారం

పెద్దన్నయ్యగారికి,

పుస్తకాలు కుట్టుకునే మీ తమ్ముడు నమస్కారాలతో రాసేది. ఇక్కడ మీ మరదలు, పిల్లలు, నేను క్షేమం. ముందు ఫోనే చేశాను. మీ షాపులో స్టవ్వుల హోరు తప్ప ఏమీ వినపడలేదు. మీరు "ఏ బర్నరు?" అని మూడుసార్లు అడిగి పెట్టేశారు. అందుకని ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, మొన్న ఆదివారం మామగారు మా ఇంటికి వస్తూ సంచిలో లాంతరు పట్టుకొచ్చారు. పాతకాలంది, గుడారాల్లో వేలాడదీసేది, పంపుతో గాలి కొట్టి వెలిగించే మాంటిల్ లాంతరు. బల్ల మీద పెట్టి, "ఇది నువ్వుంచుకో" అన్నారు. సర్వేయరుగా ఊరూరా గుడారాలు వేసుకుని తిరిగిన మనిషి, ముప్పై ఏళ్లు తనతో తిప్పుకున్న లాంతరు. మనం ఇద్దరం ఆ ఇంటి అల్లుళ్లం, పెద్దవారు మీరు. అయినా నాకిచ్చారంటే ఏమనుకోవాలో తెలియలేదు. సంతోషమే అనుకున్నాను.

వచ్చే నెల రెండో శనివారం సరస్సు ఒడ్డున గుడారం వేసి రెండు రోజులుందామని మామగారి కోరిక. ఈ లాంతరు వెలుగులోనే భోజనం చెయ్యాలట. తీరా చూస్తే ఇందులో ఏం పొయ్యాలో నాకు తెలియదు. క్యాంపు సామాన్ల కొట్లో ఒక సీలు డబ్బా చూపించారు. దాని ధరకు మా ఇంట్లో వారం రోజుల కూరగాయలొస్తాయి. నా గదిలో అర డబ్బా టర్పెంటైన్ ఉంది, జిగురు మరకలు తుడిచేది. అది పొయ్యొచ్చా? చవకలో ఏది మంచిది? ఈ విషయంలో మిమ్మల్ని మించినవారు లేరు కనుక అడుగుతున్నాను.

విధేయుడు,
తమ్ముడు

తా.క. లాంతరుకు అట్టపెట్టె చేశాను. పైన ముదురు నీలం గుడ్డ అతికించి, బంగారు అక్షరాలతో "మామగారి లాంతరు" అని అచ్చు కొట్టాను. మీరు చూస్తే సంతోషిస్తారు.


స్టవ్వుల షాపు,
శుక్రవారం

తమ్ముడికి,

ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, నీ ఉత్తరం వచ్చేదాకా.

సంతోషించాను. చాలా సంతోషించాను. ఎంత సంతోషించానంటే మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఆ లాంతరును నేను పదకొండుసార్లు విప్పి శుభ్రం చేశాను, పైసా తీసుకోకుండా. అసలు ఆ ఇంట్లో నేను మొదటిసారి అడుగు పెట్టింది అల్లుడిగా కాదు, ఆ లాంతరు బాగుచెయ్యడానికి. వరండాలో కూర్చుని గొట్టం విప్పుతుంటే మీ వదిన మంచినీళ్లు తెచ్చింది. అలా మొదలైంది నా సంసారం. అందుకని ఆ లాంతరు ఎవరికి చెందాలో నేను చెప్పను. తెలిసినవాళ్లకు తెలుసు. నాలుగేళ్లుగా మామగారు దాన్ని శుభ్రానికి పంపడం మానేశారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. మనసులో ఏమున్నా పనిలో అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. అది పెట్రోలు రకం లాంతరు. రంగూ కలుపూ లేని శుద్ధి చేసిన తెల్ల పెట్రోలే పొయ్యాలి, నువ్వు చూసిన సీలు డబ్బా అదే. బంకు పెట్రోలు పోస్తే అందులో కలిపే మందులకి గొట్టం పూడుకుపోతుంది. కిరసనాయిలు పోస్తే అది ఆవిరి కాదు, ఇల్లంతా మసి. టర్పెంటైన్ మాట ఇంకోసారి ఎత్తకు. తెల్ల పెట్రోలు ఖరీదే. భరించలేనివాళ్లు లాంతరును భరించగలిగినవాళ్లకి ఇచ్చెయ్యచ్చు. నేను ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

నమ్మకం లేకపోతే ట్యాంకు అడుగున చూడు. నేను బాగుచేసిన ప్రతి లాంతరుకూ అడుగున సన్న ఉలితో చుక్క కొడతాను. కిరసనాయిలుదైతే ఒక చుక్క, పెట్రోలుదైతే రెండు. కళ్లు మూసుకుని తడిమినా తెలుస్తుంది. దానికి రెండు ఉంటాయి.

పోనీ నా దగ్గరికి పంపినా చూస్తాను. చీటీ మాత్రం నువ్వే రాసి కట్టాలి, అందరికీ అదే రూలు. తొందర ఉందో లేదో రాయి. తొందర ఉన్నవాళ్ల సామాను కింది అరలో, లేనివాళ్లది పై అరలో. పై అరకు నిచ్చెన ఎక్కాలి, నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు.

ఇట్లు,
పదకొండుసార్లు విప్పిన మీ అన్నయ్య

తా.క. ఆ బంగారు అక్షరాలు ఏ సైజు?

ఇంకో తా.క. మరిదిగారూ, ఇది మూడోసారి రాసిన ఉత్తరం. మొదటి రెండూ నేను చింపేశాను. — వదిన


లైబ్రరీ బైండింగ్ గది,
బుధవారం

పెద్దన్నయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కొంచెం బాధపడ్డాను, చాలా నేర్చుకున్నాను.

అడుగున చూశాను. చుక్కలు లేవు. ఒకటీ లేదు, రెండూ లేవు. భూతద్దం పెట్టి చూశాను. ఇంకో సంగతి. గొట్టం కింద చుట్టూ చిన్న గిన్నెలాంటిది ఉంది. అది దేనికో తెలియక మా వీధి చివర లాంతర్ల షాపతనికి చూపించాను. అతను చూస్తూనే, "ఇది స్పిరిట్ గిన్నె. ఇందులో కాస్త స్పిరిట్ వెలిగించి గొట్టం వేడెక్కించి, అప్పుడు పంపు కొట్టాలి. ఇది కిరసనాయిలు రకమే" అన్నాడు. కిరసనాయిలు చవక కూడాను.

మామగారికి ఆత్రం ఎక్కువ కదా, పట్టపగలే వెలిగించమన్నారు. వెలిగించాను. పొగ లేదు, వాసన లేదు, గది గదంతా తెల్లటి వెలుగు. మామగారు దాని పక్కన కుర్చీ వేసుకుని కిటికీలు మూయించి పేపరంతా చదివారు. పక్కింటివాళ్లు వచ్చి మా ఇంట్లో ఎవరైనా ఫొటోలు తీస్తున్నారా అని అడిగారు. కాబట్టి తెల్ల పెట్రోలు ఖర్చు తప్పింది, మీరు నా గురించి బెంగపడక్కర్లేదు.

విధేయుడు,
తమ్ముడు

తా.క. అంగుళం పావు అక్షరాలు.

ఇంకో తా.క. దాచడం ఇష్టం లేక రాస్తున్నాను. దీన్ని ఇదివరకు మా అన్నయ్య పదకొండుసార్లు శుభ్రం చేశారని షాపతనితో గొప్పగా చెప్పాను. అతను అటూ ఇటూ తిప్పించి చూసి, "చెయ్యి కాస్త బరువు" అన్నాడు.


స్టవ్వుల షాపు,
శనివారం

తమ్ముడు అనబడే నీకు,

ఆశీస్సులు, అలవాటు కొద్దీ.

ఎవడా షాపతను? ఎన్నేళ్ల నుంచి ఉన్నాడు? ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? నన్ను ఉత్తరం రాసి అడిగి, జవాబు చేతిలో పెట్టుకుని, వీధి చివర వాడి దగ్గరికి వెళ్లావా? ఇరవై రెండేళ్లుగా ఈ షాపు నడుపుతున్నాను. నా చెయ్యి బరువని నా మొహాన అన్నవాడు లేడు. వాడి మాట నువ్వు నమ్మావు చూడు, అక్కడ నా ఒళ్లు మండింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మామగారి లాంతరుకు స్పిరిట్ గిన్నె లేదు. పదకొండుసార్లు విప్పినవాడిని, నాకు తెలియదా? నా చుక్కలు లేవంటున్నావు. అయితే రెండే దారులు. నువ్వు పాత అట్టలకు చేసినట్టు ఉప్పుకాగితం పెట్టి రుద్ది రుద్ది నా చుక్కలు చెరిపేసి ఉండాలి, లేదా ఆ వీధి చివర ఘనుడు అసలు లాంతరు తను ఉంచుకుని వేరేది నీ చేతిలో పెట్టి ఉండాలి. నువ్వు అటు తిరిగి తుమ్మినా చాలు, వాడు మార్చేసే రకంలా ఉన్నాడు.

గుర్తులు చెబుతున్నాను, వెంటనే చూసి రాయి. ట్యాంకుకు ఎడమ పక్కన బొటనవేలు పట్టేంత సొట్ట ఉంటుంది, గుడారం మేకులు కొట్టే సుత్తి పడినది. పట్టుకునే చెక్క పిడి ఒకవైపు కాలి నల్లబడి ఉంటుంది. ఈ రెండూ ఉంటే అది మామగారిది. లేకపోతే నువ్వు కిటికీలు మూసి పూజ చేస్తున్నది ఎవరి లాంతరో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
చెయ్యి తేలికైన మీ అన్నయ్య

తా.క. అంగుళం పావా? లైబ్రరీ బోర్డు మీద కూడా అంత పెద్దవి లేవు.

ఇంకో తా.క. మరిదిగారూ, షాపుకు వచ్చినవాళ్లందరినీ పట్టుకుని "నా చెయ్యి బరువా?" అని అడుగుతున్నారు. నిన్న ఒకావిడ అవునంది. ఆవిడ స్టవ్వు ఇంకా విప్పలేదు. — వదిన


లైబ్రరీ బైండింగ్ గది,
బుధవారం

అన్నయ్యగారికి,

నమస్కారాలు.

సొట్ట లేదు. పిడి కాలలేదు. షాపతను మార్చలేదు, లాంతరు నా చేతిలోంచి అతని చేతికి వెళ్లలేదు, నేనే పట్టుకుని తిప్పి చూపించాను. ట్యాంకు వెనక మురికి అనుకున్నది తడిగుడ్డతో తుడిస్తే ధర చీటీ ముక్క అని తెలిసింది. ఎక్కడో పాత సామాన్ల కొట్లో అమ్మినది. మీరే గెలిచారు. ఇది మామగారి లాంతరు కాదు. నాదని ఇచ్చారు, ఆయనదని నేనే అనుకున్నాను.

మీకు నవ్వు రావచ్చు. పెళ్లయి పద్నాలుగేళ్లు. మామగారు నా చేతికి ఇచ్చిన మొదటి వస్తువిది. మీరు వచ్చిన ప్రతిసారీ ఆయన మీ పక్కనే కూర్చుంటారు, మీ చేతులు బంగారమంటారు. నా చేతుల గురించి ఒక్కసారి మాత్రం అన్నారు, జిగురు వాసన వస్తున్నాయని. మీకు నా మీద అసూయ అని నవ్వుకున్నాను ఇన్నాళ్లూ. నిజానికి నాకే మీ మీద ఎప్పటినుంచో ఉంది. మీకు చెప్పలేదంతే.

పెట్టె మీద "మామగారి" అన్న అక్షరాలు జాగ్రత్తగా గీకేశాను. ఇప్పుడు "లాంతరు" అని మాత్రమే ఉంది. గుడ్డ కాస్త పాడైంది.

ఇట్లు,
తమ్ముడు

తా.క. అసలుది ఎక్కడుంది? మీకిచ్చారా? ఇచ్చి ఉంటే చెప్పండి, నేనేమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.

ఇంకో తా.క. బావా, రెండు రోజుల నుంచి ఈయన లాంతరు వెలిగించడం లేదు. మా నాన్న వచ్చి చీకట్లో కూర్చుని వెళుతున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు. — మరదలు


స్టవ్వుల షాపు,
శుక్రవారం

తమ్ముడికి,

ఆశీస్సులు, ఈసారి మనస్ఫూర్తిగానే.

నీ ఉత్తరం చదివి మొదట పకపకా నవ్వాను. రెండోసారి చదివాక నవ్వు రాలేదు. కిరసనాయిలు లాంతరు చెడ్డదేమీ కాదు. నూనె చవక, వెలుగు నిక్కచ్చి, గాలికి తట్టుకుంటుంది. నీ చేతికి జిగురు వాసనైతే నా చేతికి కిరసనాయిలు వాసన. ఆయన దాన్ని బంగారమన్నారంటే ముక్కు సరిగ్గా పనిచెయ్యలేదన్నమాట.

కానీ ఒట్టేసి చెబుతున్నాను, అసలుది నా దగ్గర లేదు. ఉంటే ఈ పాటికి నీకు పది ఉత్తరాలు రాసి ఏడిపించేవాణ్ణి కానా? నా దగ్గర లేదు, నీ దగ్గర లేదు. అంటే మూడోవాడు ఎవడో ఉన్నాడు. నాకు తెలుసు వాడెవడో. పొద్దున్నే మామగారితో వాకింగ్‌కు వెళ్లే ఆ రిటైరైన మేష్టారు. ఎప్పుడు చూసినా ఆయన భుజం మీద చెయ్యేసి నడుస్తుంటాడు. సొంత అల్లుళ్లం ఇద్దరం ఇక్కడ బతికుండగా, కాళ్ల నొప్పులకు నడిచేవాడికి ముప్పై ఏళ్ల లాంతరా?

తమ్ముడూ, ఇప్పుడు మనిద్దరం ఒక్కటి. నువ్వు దగ్గర్లో ఉన్నావు కాబట్టి మామగారిని సూటిగా అడిగెయ్యి. మొహమాటపడకు. మేష్టారి పేరు మాత్రం ముందు ఎత్తకు, ఆయనంతట ఆయన చెప్పాలి.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. గీకేసిన అక్షరాలు మళ్లీ కొట్టొచ్చా? అడుగుతున్నానంతే.

ఇంకో తా.క. మరిదిగారూ, ఈ ఆదివారం షాపు దులుపుదామంటే పై అర జోలికి వెళ్లొద్దంటున్నారు. అక్కడి దుమ్ముకు నాలుగేళ్లుగా నేను తుమ్ముతున్నాను. — వదిన


లైబ్రరీ బైండింగ్ గది,
సోమవారం

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీరు కూర్చుని చదవండి.

నిన్న మామగారిని అడిగాను. "మీ పాత లాంతరు ఎవరికిచ్చారు?" అన్నాను. ఆయన వింతగా చూశారు. "పెద్దల్లుడి షాపులో ఉంది కదా, నాలుగేళ్లయింది" అన్నారు.

గోనెగుడ్డలో చుట్టి ఆయనే స్వయంగా తెచ్చారట. మీరు ఒక పెద్ద స్టవ్వులో తల పెట్టి ఉన్నారట. ఆ హోరులో ఆయన ఏదో చెప్పబోతే, మీరు తల ఎత్తకుండానే "చీటీ రాసి కట్టండి" అన్నారట. రాసి కట్టారట. "తొందరా?" అని అడిగారట. లేదన్నారట. "నిజంగానే మీ అన్నయ్య తొందరపడలేదు" అని మామగారు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు. మరి ఎందుకు అడగలేదంటే, "పనున్న మనిషి, ఇలాంటివి మనం అడక్కూడదు" అని లేచి మంచినీళ్లకు వెళ్లిపోయారు. ఇంకేమీ చెప్పలేదు.

నా లాంతరు సంగతీ చెప్పారు. నేను పుస్తకాలు కుట్టేటప్పుడు వెలుగు చాలక కళ్లు చికిలిస్తున్నానని గమనించారట. రెండు బస్సులు మారి మూడు కొట్లు తిరిగారట. ప్రతి కొట్లోనూ ఒకటే ప్రశ్న: "ఇందులో పోసే నూనె చవకా? మా చిన్నల్లుడి జీతానికి సరిపోవాలి." చివరికి ఇది దొరికిందట. మొదటి నుంచీ ఇది నా కోసం వెతికి కొన్నదేనట.

అన్నయ్యా, నేను పెట్టె మీద మళ్లీ అచ్చు కొట్టాను. ఈసారి "మామగారు ఇచ్చిన లాంతరు" అని కొట్టాను. ఇంకో రెండు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టింది.

విధేయుడు,
తమ్ముడు

తా.క. నిచ్చెన ఎక్కేటప్పుడు వదినగారిని కింద పట్టుకోమనండి.


స్టవ్వుల షాపు,
బుధవారం

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చేరగానే షాపు సగం తలుపు మూసి నిచ్చెన ఎక్కాను. మీ వదిన కింద పట్టుకుని తుమ్ముతూనే ఉంది.

పై అరలో పగిలిన మూడు స్టవ్వుల వెనక ఉంది గోనెమూట. విప్పకుండానే పైనుంచి తడిమాను. ఎడమ పక్కన సొట్ట. అడుగున రెండు చుక్కలు. నాలుగేళ్లు నా నెత్తి మీదే కూర్చుంది. దాని కింద కూర్చునే నీకు ఆ ఉత్తరాలన్నీ రాశాను. ఆ మేష్టారిని అనరాని మాటలన్నాను, నీ షాపతన్ని దొంగన్నాను. నిచ్చెన మీదే తల కొట్టేసినట్టయింది.

చీటీ చూశాను. "పెద్దాయన. తొందర లేదు." అంతే. నా షాపులో చీటీకి ఒకవైపే చదువుతాం. ఎందుకో తిప్పాను. వెనక సర్వేయరు అక్షరాలు, కొలిచి గీసినట్టు. ఇది రాశారు:

"అల్లుడూ, ఇది బాగుచెయ్యడానికి కాదు, ఉంచుకోడానికి. నేనిక గుడారాల్లో తిరగను. నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చింది దీని కోసమే. నీ దగ్గరే ఉండాలి."

నాలుగేళ్లు ఆయన నా నోటి నుంచి ఒక్క మాట కోసం చూసి ఉంటారు. బాగుందనో, అందిందనో. నేనేమో ముఖం మాడ్చుకుని, శుభ్రానికి పంపడం మానేశారని ఆయన మీదే గుర్రుగా ఉన్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి. స్టవ్వు పొగ అని మీ వదినకు చెప్పాను. అప్పుడు షాపులో ఏ స్టవ్వూ వెలగడం లేదు.

మామగారికి ఫోను చేశాను, షాపులో అన్నీ ఆర్పేసి. "మామగారూ, లాంతరు అందింది" అన్నాను. "వెలుగుతోందా?" అన్నారు. రేపు వెలిగిస్తానన్నాను. "తొందరేం లేదులే" అన్నారు. ఆ మాట ఇక ఎవరూ నా దగ్గర అనకుండా చూడాలి.

విప్పి శుభ్రం చేశాను, పన్నెండోసారి. తెల్ల పెట్రోలు డబ్బా కొన్నాను. ధర చూశాక నువ్వు కూరగాయలతో ఎందుకు పోల్చావో తెలిసింది. నీకు చవక నూనె లాంతరు వెతికి పెట్టారు, నాకు ఖరీదు నూనెది అంటగట్టారు. నాకు ఇంట్లో ఉన్నది ఇచ్చారు, నీ కోసం రెండు బస్సులు మారారు, మూడు కొట్లు తిరిగారు. నా కోసం ఎప్పుడైనా ఒక్క బస్సైనా మారారా? నేనేమీ అనుకోవడం లేదు. కొంచెం అనుకుంటున్నాను.

రెండో శనివారం మేమూ వస్తున్నాం. ఒక జాగ్రత్త. నీ నూనె డబ్బా, నా నూనె డబ్బా దూరంగా ఉండాలి. నీ కిరసనాయిలు నా దాంట్లో పడితే మసి, నా పెట్రోలు నీ దాంట్లో పడితే పెద్ద ప్రమాదం. రెంటికీ నీ గుడ్డతో లేబుళ్లు అతికించు, కనపడేట్టు.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. నా లాంతరుకూ పెట్టె చెయ్యి. అదే నీలం గుడ్డ, బంగారు అక్షరాలు. అంగుళమున్నర ఉండాలి. చీటీ మీద ఇలా రాసుకో: పెద్దల్లుడు. తొందర ఉంది.

ఇంకో తా.క. మరిదిగారూ, కవరు అంటిస్తూ ఆయన చూడకుండా రాస్తున్నాను. సరస్సు దగ్గర మీ ఇద్దరి లాంతర్లూ వెలిగేలోపు పేపరు చదువుకోడానికని నాన్న ఒక బ్యాటరీ లైటు తెచ్చుకుంటున్నారు. అది వాకింగ్ మేష్టారు కానుకిచ్చారట. ఈయనకు చెప్పకండి, నేను ఇంకో నెల ఉత్తరాలు చింపలేను. — వదిన